ఎత్తోరె బుగాట్టి: తండ్రి బండియు, తనయుని బండియు

మోటారు బండ్లను చూచి ముచ్చటపడని బాలురు అరుదు. అందుచే వాని నిర్మాతలలో మిక్కిలి పేరెన్నికగన్న ఎత్తోరె బుగాట్టి చరిత్రమును మా విద్యార్థులకు సంగ్రహముగా తెలుపుచున్నాము.

ఈయన 1881వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన ఇటలీ దేశపు మిలాను నగరమున జన్మించెను. తండ్రి కార్లో వింత సొగసుగల కుర్చీలు, బల్లలు చేయించుటలో ప్రసిద్ధుడు. తమ్ముడు రెంబ్రాంటు జంతువుల విగ్రహములు చేసిన శిల్పి. కళాకారుల ఇంట పుట్టిన ఎత్తోరె యంత్రవిద్యను వరించెను. 1909లో ఆల్సేసు సీమయందలి మోల్స్‌హైములో కర్మాగారమును నెలకొల్పెను. అప్పుడు జర్మనీ పాలనలోనున్న ఆ సీమ మొదటి ప్రపంచ యుద్ధానంతరము ఫ్రాన్సునకు చేరెను.

ఈయన కర్మాగారమున పుట్టిన రెండు బండ్లను పోల్చి చూచినచో ఈయన జీవితమే మనకు కానవచ్చును.

మొదటిది 1924లో వెలువడిన టైపు 35. దాని ఇంజనునకు 8 సిలిండర్లు, 2 లీటర్ల పరిమాణము, సుమారు 90 గుర్రముల బలము. బండి బరువు సుమారు 750 కిలోగ్రాములే. చక్రమును, బ్రేకు డ్రమ్మును ఒక్కటిగా అల్యూమినియముతో పోత పోయించెను. లోపల బోలుగానుండు ముందు ఇరుసును చేయించెను. లియాన్ నగరమున జరిగిన తొలి పందెమున టైర్లు చెడి బండ్లు ఓడినను, ఆయన వెనుదీయలేదు. సిసిలీ ద్వీపపు కొండదారులలో జరిగిన టార్గా ఫ్లోరియో పందెమును 1925 మొదలు 1929 వరకు వరుసగా ఐదేండ్లు ఈ జాతి బండ్లే గెలిచెను.

రెండవది అట్లాంటిక్. 1936లో కార్మికులు సమ్మె చేయగా మనసు విరిగిన ఎత్తోరె పారిస్ చేరెను. మోల్స్‌హైము భారము కుమారుడగు జీన్‌పై పడెను. అట్లాంటిక్ రూపము ఇతని కల్పనయే. నమూనా బండికి వాడిన మెగ్నీషియపు మిశ్రలోహము వెల్డింగునకు లొంగనందున రేకులను రివెట్లతో బిగించిరి. తరువాత అల్యూమినియము వాడినను, వెన్నెముకవంటి ఆ రివెట్ల వరుసను అందమునకై నిలిపిరి. 3.3 లీటర్ల ఇంజనునకు సూపర్‌చార్జరు అమర్చినచో సుమారు 200 గుర్రముల బలమును, గంటకు 200 కిలోమీటర్ల వేగమును కలుగును.

తిన్నని దారిలో తనయుని బండి మిన్న. మలుపుల దారిలో తేలికయగు తండ్రి బండియే మేలని మా తలంపు. సేకరించువారి దృష్టి వేరు. టైపు 35 జాతి బండ్లు వందలకొలది తయారయ్యెను. వానికి నకళ్లును పెక్కు. కావున కొనువారు ఇంజనుపై కొట్టిన సంఖ్యలను శ్రద్ధతో పరీక్షింతురు. అట్లాంటిక్‌లు నాలుగే పుట్టెను. అందొకటి 2010లో 3 కోట్ల డాలర్లకు పైగా పలికినదని ప్రతీతి. జీన్ స్వయముగా నడపిన నల్లని బండి రెండవ ప్రపంచ యుద్ధకాలమున మాయమై నేటికిని దొరకలేదు.

1939 ఆగస్టు 11వ తేదీన పందెపు బండిని పరీక్షించుచు జీన్ ప్రమాదమున మరణించెను. అతని వయస్సు 30 ఏండ్లు. పిమ్మట యుద్ధము వచ్చి కర్మాగారమును చేయిజారెను. ఎత్తోరె 1947 ఆగస్టు 21వ తేదీన పారిస్‌లో కన్నుమూసెను.

మాయమైన ఆ నల్లని బండికై ధనవంతులు నేటికిని వెదకుచున్నారు. అది ఎన్నడైన దొరకవచ్చును, దానికి వెలయు కట్టవచ్చును. ఆ తండ్రి పోగొట్టుకొన్నదానికి మాత్రము వెల కట్టగలవారు లేరు.