కరాచీ నుంచి బొంబాయికి: జేఆర్‌డీ టాటా గగనయానం

కరాచీ, ముంబయి నగరాల మధ్య ఆకాశమార్గాన దూరం దాదాపు 880 కిలోమీటర్లు. నేటి జెట్ విమానానికి అది గంటన్నర లోపు ప్రయాణం. 1932 అక్టోబరు 15న జహంగీర్ రతన్‌జీ దాదాభాయ్ టాటా ఒంటి ఇంజను పుస్ మాత్ విమానంలో ఈ మార్గాన బయలుదేరినప్పుడు, గమ్యం చేరడానికి ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది.

జేఆర్‌డీ 1904 జూలై 29న పారిస్‌లో జన్మించారు. తండ్రి పార్సీ, తల్లి ఫ్రెంచి వనిత. వారి కుటుంబం వేసవి గడిపే సముద్రతీర గ్రామంలో, ఇంగ్లిష్ ఛానల్‌ను తొలిసారి విమానంలో దాటిన లూయీ బ్లెరియో పొరుగువారు. ఆకాశంపై మక్కువ ఆ బాలునికి అక్కడే కలిగింది. 1929 ఫిబ్రవరి 10న భారతదేశంలో జారీ అయిన తొలి పైలట్ లైసెన్సు ఆయనకే దక్కింది.

భారత్, ఇంగ్లండ్‌ల మధ్య ఒంటరిగా విమానం నడిపిన తొలి భారతీయునికి ఆగాఖాన్ బహుమతి ప్రకటించారు. కరాచీ నుంచి బయలుదేరిన జేఆర్‌డీకి, ఎదురుదిశలో వస్తున్న యువ పోటీదారు ఆస్పీ ఇంజనీర్ ఈజిప్టులో తారసపడ్డారు. స్పార్క్ ప్లగ్ లేక ఆయన అక్కడ చిక్కుకుపోయారు. జేఆర్‌డీ తన వద్ద ఉన్నది ఇచ్చారు. కొద్ది గంటల తేడాతో బహుమతి ఆస్పీకే దక్కింది.

ఆ రోజుల్లో లండన్ నుంచి వచ్చే విమాన తపాలా కరాచీతో ఆగిపోయేది. అక్కడి నుంచి దక్షిణానికి ఉత్తరాలు రైలులో రావలసిందే. ఈ లోటును తీర్చేందుకు జేఆర్‌డీ, మాజీ వైమానిక దళాధికారి నెవిల్ వింట్సెంట్ కలిసి తపాలా విమాన సర్వీసును ఆరంభించారు. తొలి ప్రయాణంలో మోసినది సుమారు 25 కిలోల ఉత్తరాలు. దారి చూపే రేడియో లేదు. అహ్మదాబాదులో ఇంధనం ఎడ్లబండిపై వచ్చింది. బొంబాయిలో దిగినది జుహూ తీరపు మట్టినేలపై. అక్కడి నుంచి వింట్సెంట్ తపాలాను బళ్ళారి మీదుగా, అప్పటి కోస్తా, రాయలసీమ జిల్లాలకు రాజధాని అయిన మద్రాసుకు చేర్చారు.

ఆ సంస్థే 1946లో ఎయిర్ ఇండియాగా మారింది. 1948 జూన్ 8న దాని విమానం బొంబాయి నుంచి కైరో, జెనీవాల మీదుగా లండన్‌కు బయలుదేరింది. 1953లో జాతీయీకరణ జరిగిన తరువాత కూడా జేఆర్‌డీ 1978 వరకు అధ్యక్షునిగా కొనసాగారు.

తొలి ప్రయాణానికి యాభై ఏళ్లు నిండిన 1982 అక్టోబరు 15న, 78 ఏళ్ల వయసులో, ఆయన అలనాటి లెపర్డ్ మాత్ విమానాన్ని తానే నడుపుతూ కరాచీ నుంచి బొంబాయికి మళ్లీ వచ్చారు. అప్పటికి ఆ రెండు నగరాలు వేర్వేరు దేశాలవి అయి 35 ఏళ్లు గడిచాయి. 1992లో భారతరత్న అందుకున్న జేఆర్‌డీ, 1993 నవంబరు 29న జెనీవాలో కన్నుమూశారు.

ఇప్పుడు ఆ రెండు నగరాల మధ్య నేరుగా విమానం లేదు. దుబాయి మీదుగా వెళితే మూడు వేల కిలోమీటర్లకు పైగా తిరగాలి. విరామంతో కలిపితే, పుస్ మాత్ ఒక పూటలో ముగించిన ప్రయాణానికి నేటి ప్రయాణికునికి అంతకంటే ఎక్కువ సమయమే పట్టవచ్చు.