మొదటి పెండ్లిపందిరి

శాసనము పుట్టినంతమాత్రమున సంఘము మారదు. వితంతు వివాహమును న్యాయసమ్మత మొనర్చిన చట్టము 1856లోనే వెలువడినది. పాతికేండ్లు గడచినను గోదావరీ తీరమున అది కాగితముమీది సిరాగానే యుండెను. దానికి ప్రాణము పోసినవారు కందుకూరి వీరేశలింగం పంతులుగారు.

పంతులుగారు 1848లో రాజమహేంద్రవరమున జన్మించిరి. నాల్గవయేటనే తండ్రి గతింపగా తల్లి పున్నమ్మగారు కష్టపడి పెంచిరి. బాల్యమునుండియు అనారోగ్యము వెన్నాడిన దేహము వారిది. 1874లో ధవళేశ్వరమున బాలికల పాఠశాలను నెలకొల్పి, ఆ యేడే వివేకవర్ధని పత్రికను ప్రారంభించిరి.

1879లో వితంతు వివాహము శాస్త్రసమ్మతమని బహిరంగముగా ఉపన్యసించిరి. పండితులు వాదమునకు దిగిరి; ఊరు భగ్గుమనెను. వాదము లెన్ని గెలిచినను ఒక్క పెండ్లియైనను జరుగలేదు. పెండ్లికి వలసినవి వేరు. పిల్లనిచ్చు తల్లి కావలెను. చేయిపట్టు వరుడు కావలెను. మంత్రము చెప్పు పురోహితుడు, వంటవాడు, ఖర్చునకు సొమ్ము కావలెను. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. విద్యార్థులు అండగా నిలిచిరి. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరములో మొదటి వివాహము జరిగెను. నాలుగు నాళ్ళకే రెండవది జరిగెను.

పిమ్మట వెలి వచ్చిపడెను. వంటవారు మానిరి, నీళ్ళు మోయువారు మానిరి. ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరికి పోయి బిందెతో నీరు తెచ్చిరి. వచ్చినవారికి వండి వడ్డించిరి. పంతులుగారి ఉపన్యాసములను స్మరించువారు ఆ బిందె బరువునుగూడ తలచుకొనవలెను.

ఇంత శ్రమకు ఫలముగా పంతులుగారు జరిపించిన వివాహములు సుమారు 40. సాయము పొందినవారిలో కొందరు తమ మనసు నొప్పించినట్లు స్వీయచరిత్రలో దాపరికము లేకుండ వ్రాసికొనిరి. అంకెను మాత్రమే చూచువారికి ఇది స్వల్పముగా తోచును. కాని మొదటి పందిరి వేయువరకు అసాధ్యమైనది, ఆ మరునాటినుండి కేవలము కష్టసాధ్యమయ్యెను. భేదమంతయు అచ్చటనే యున్నది.

తుదకు హితకారిణీ సమాజమును స్థాపించి తమ ఆస్తిని దానికి ధారపోసిరి. 1910లో రాజ్యలక్ష్మమ్మగారు, 1919 మే 27న మద్రాసులో పంతులుగారు కన్నుమూసిరి. నాటికి బాలవితంతువుల కన్నీరు ఇంకలేదు. బాల్యవివాహ నిరోధక శాసనము 1929లో వచ్చెను. దానిని వారు చూడలేదు. ఫలమును తాము చూడబోమని తెలిసియు విత్తు నాటినవారి జీవితమే నిరాశకు చాలిన మందు.