శబ్దమును కొలిచిన శాస్త్రజ్ఞుడు

విశాలమైన మందిరమున నిలిచి ఒక్కమాట పలికినచో, అది గోడలకును కప్పునకును తగిలి మరల మరల మన చెవిని బడుచుండును. మొదటి మాట అణగకమునుపే రెండవ మాట వచ్చి దానితో కలిసిపోవును. అట్టిచోట వక్త ఎంతటి పండితుడైనను శ్రోతలకు దక్కునది రొద మాత్రమే. ఈ చిక్కును విడదీసి, శబ్దమును కొలతకు లోబరచిన మహనీయుడు వాలెస్ క్లెమెంట్ సేబిన్.

సేబిన్ 1868వ సంవత్సరము జూన్ 13వ తేదీన అమెరికా దేశమందలి ఒహాయో రాష్ట్రములో రిచ్‌వుడ్ అను ఊర జన్మించెను. పదునెనిమిదవ యేటనే పట్టభద్రుడై, పైచదువునకై హార్వర్డ్ విశ్వవిద్యాలయమున చేరెను. పిమ్మట అచ్చటనే భౌతికశాస్త్రోపాధ్యాయుడయ్యెను.

1895వ సంవత్సరమున ఆ విశ్వవిద్యాలయమువారు ఫాగ్ కళాప్రదర్శనశాలను తెరచిరి. భవనము చూడ ముచ్చటగా నుండెను. కాని అందలి ఉపన్యాసశాలలో పలికిన మాట అయిదున్నర సెకనులవరకు మ్రోగుచునే యుండెను. పాఠము ఎవరికిని అర్థము కాకుండెను. విశ్వవిద్యాలయాధ్యక్షుడైన ఎలియట్ ఈ దోషమును సరిదిద్దుమని యువకుడైన సేబినును కోరెను.

ఆ కాలమున శిల్పులు ఈ విషయమున ఊహలనే నమ్ముచుండిరి. సేబిన్ ఊహలను విడిచి కొలతకు పూనుకొనెను. పగలు వీధిలోని బండ్ల చప్పుడు పరిశోధనకు అడ్డు తగులును. కావున నడిరేయి దాటిన పిదప ఆయన పని ఆరంభించెడివాడు. సమీపమున నున్న శాండర్స్ నాటకశాలనుండి ఆసనముల మెత్తలను శిష్యులచే మోయించి తెచ్చి శాలలో పరపించెడివాడు. ఒక ఆర్గన్ గొట్టమును మ్రోగించి ఆపి, ఆ ధ్వని పూర్తిగా అణగుటకు పట్టిన కాలమును లెక్కించెడివాడు. తెల్లవారులోపల మెత్తలన్నియు తిరిగి స్వస్థానమునకు చేరవలసియుండెను. మెత్తలు పెరిగినకొలది మ్రోత తగ్గెను. నాటకశాలలోని మెత్తలన్నియు తెచ్చి పరచినప్పుడు మ్రోగు కాలము ఒక సెకనుకు కొంచెము మించి మాత్రమే నిలిచెను.

ఒకప్పుడు కొలతలలో స్వల్పభేదములు కనబడెను. కారణము వెదకగా, తాను ధరించిన దుస్తులు సైతము శబ్దమును పీల్చుకొనుచున్నవని తేలెను. వేరువేరు దుస్తులతో తీసిన కొలతలు ఒకదానితో నొకటి పోల్చదగినవి కావు. అంతట ఆయన మూడువేలకు పైబడిన కొలతలను త్రోసిపుచ్చి, నాటినుండి ఒకే విధమైన దుస్తులను ధరించి పనిని మొదటినుండి మరల చేసెను. ఎన్నియో రాత్రుల శ్రమను తన చేతులారా పారవేయుటకు ఎంతటి ధైర్యము కావలెనో గదా!

1898వ సంవత్సరమున ఆ శ్రమకు ఫలము లభించెను. గది ఘనపరిమాణము పెరిగినకొలది మ్రోత దీర్ఘమగును. శబ్దమును పీల్చు వస్తువులు పెరిగినకొలది అది హ్రస్వమగును. ఈ సంబంధమును ఆయన ఒక చిన్న సూత్రమున ఇమిడ్చెను. ఆ సూత్రము ననుసరించియే బోస్టన్ నగరమున సింఫనీ హాలు అను సంగీతశాల నిర్మింపబడి, 1900వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన తెరవబడెను. మొదట కొందరు విమర్శకులు పెదవి విరచిరి. తరువాతి కాలమున ఆ శాల లోకములోని ఉత్తమ సంగీతశాలలలో నొకటిగా ఖ్యాతి గాంచెను.

అటుపిమ్మట సేబిన్ మరియొక సమస్యపై దృష్టి నిలిపెను. ఒక గదిలోని ధ్వని ప్రక్క గదికి పోకుండ ఆపుట యెట్లు? ఫెల్టు పొరలను, ఇనుపరేకులను, వాటి నడుమ గాలిసందులను అమర్చి ఆయన శబ్దప్రసారమును పరీక్షించెను. ఆ పరిశోధనలను 1915వ సంవత్సరమున ప్రకటించెను. శబ్దమును పీల్చుట వేరు, శబ్దమును ఆపుట వేరు. మెత్తని పలకలు గదిలోని మ్రోతను తగ్గించును గాని, పై అంతస్తులోని అడుగుల చప్పుడును ఆపజాలవు. ఏలయన, అడుగు పడినప్పుడు నేలయే కదలి, క్రింది గదికి మద్దెల మూతవలె మ్రోగును.

ఈ వివేకమే నేటి మేడలలో అమర్చు ఫాల్స్ సీలింగునకు ఆధారము. బరువైన పలకలను సందులేకుండ కూర్చి, అసలు కప్పునుండి రబ్బరు లేక స్ప్రింగు కొక్కెములతో వ్రేలాడదీయుదురు. నడుమనున్న ఖాళీలో ఖనిజపు ఉన్నిని పరతురు. బరువు ధ్వనిని అడ్డగించును, ఉన్ని పీల్చును, కొక్కెములు కంపమును క్రిందికి దిగనీయవు. వీనికి తోడు పై నేలపై తివాచీ పరచినచో అడుగుల చప్పుడు పుట్టుకయందే తగ్గును.

మొదటి ప్రపంచయుద్ధకాలమున సేబిన్ ఐరోపాకు వెడలి మిత్రరాజ్యములకు సేవచేసెను. స్వదేశమునకు మరలిన పిదపను, దేహము వ్యాధిపీడితమైనను, విశ్రాంతి నెరుగక విమాన సంబంధమైన పనులు నిర్వహించెను. 1919వ సంవత్సరము జనవరి 10వ తేదీన తన యేబదవ యేట కన్నుమూసెను. ఇలినాయ్ రాష్ట్రమునందలి జెనీవా పట్టణమున ఆయనకొరకే రివర్‌బ్యాంక్ శబ్దపరిశోధనాలయము నిర్మింపబడెను. బయటి చప్పుడు సోకకుండ, అందలి పరీక్షాగృహమును చుట్టునున్న కట్టడమునుండి వేరుచేసి కట్టిరి. అందు పనిచేయు భాగ్యము మాత్రము ఆయనకు కలుగలేదు. ఆయన బంధువైన పాల్ సేబిన్ ఆ కార్యమును కొనసాగించెను.

శబ్దశోషణమును కొలుచు మానమునకు సేబిన్ అనియే పేరు. తన తప్పును తానే వెదకి దిద్దుకొనినవాని మాటను లోకము నమ్మును. ఆయన పారవేసిన మూడువేల కొలతలే ఆయన సూత్రమునకు గట్టి పునాది.