కలము, కుంచె ఏకమైన కళాజీవి: అడివి బాపిరాజు

ఒకే వ్యక్తియందు రచయితయు, చిత్రకారుడును సరిసమానముగ నెలకొనుట ఏ దేశమునందైనను అరుదు. తెలుగునాట అట్టి అరుదైన కళాకారులలో అగ్రగణ్యులు శ్రీ అడివి బాపిరాజుగారు. నవలాకారులుగా వారి పేరు తెలుగు చదువరులకు సుపరిచితము. కాని వారి చిత్రములను కన్నులార చూచినవారు బహుకొద్దిమంది. ఈ రెంటిని కలిపి చూచిననే ఆ జీవితము సమగ్రముగ బోధపడును.

బాపిరాజుగారు 1895వ సంవత్సరము అక్టోబరు 8వ తేదీన భీమవరము ప్రాంతమున జన్మించిరి. పచ్చని వరిచేలు, నిండుగ పారు కాలువలు గల ఆ గోదావరిసీమ అందము ఆయన మనస్సున చిన్ననాటనే ముద్రపడినది. ఉన్నతవిద్యకై రాజమహేంద్రవరము ప్రభుత్వ కళాశాలలో చేరిరి. ఆ కళాశాలకు ఆనాడు ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే దొరగారు. ఆంగ్లేయుడయ్యును ఆయన భారతీయ కళను మనసార ప్రేమించినవాడు. స్వయముగ రచయిత, చిత్రకారుడు. తన విద్యార్థులలో కళాభిరుచి గలవారిని చేరదీసి, తమ దేశపు కళాసంపదను తాము గుర్తించునట్లు చేసెను. దామెర్ల రామారావు, కవికొండల వెంకటరావు, బాపిరాజు ఆ గురువుగారి ప్రోత్సాహముతో పెరిగినవారే. వారిలో రామారావు 1925లో, ఇరువదియెనిమిదవ యేటనే పరమపదించుట ఆంధ్రచిత్రకళకు తీరని లోటయ్యెను.

గాంధీమహాత్ముని సహాయనిరాకరణోద్యమము దేశమును కదలించినప్పుడు బాపిరాజుగారు దానియందు పాల్గొని కారాగారవాసము అనుభవించిరి. హిందీకవి మాఖన్‌లాల్ చతుర్వేది మన బిలాస్‌పూరు కారాగారములో ఉండి, పుష్పము తన కోరికను తెలుపుకొను సుప్రసిద్ధ కవితను వ్రాసినదియు ఆ ఉద్యమకాలముననే. ఆనాటి యువకులెందరికో చెరసాల సాహిత్యమునకు పుట్టినిల్లయ్యెను. బాపిరాజుగారి జైలు అనుభవములును తరువాత ‘తొలకరి’ నవలలో చోటుచేసుకొన్నవి.

1910లో స్థాపితమైన మచిలీపట్టణపు ఆంధ్ర జాతీయ కళాశాలలో వంగదేశీయుడైన ప్రమోదకుమార చటోపాధ్యాయులు చిత్రకళ నేర్పుచుండిరి. బాపిరాజుగారు వారికి శిష్యులైరి. వంగసంప్రదాయపు సుకుమారరేఖ, మృదువైన వర్ణమేళనము అక్కడ ఆయనకు అలవడినవి. శబ్దబ్రహ్మ, భాగవతపురుషుడు, తిక్కన, సముద్రగుప్తుడు ఆయన ప్రసిద్ధచిత్రములు. ఆ పేర్లే ఆయన హృదయమును చెప్పుచున్నవి: ఒకవంక పురాణము, వేరొకవంక చరిత్ర.

కళ ఒక్కటే కడుపు నింపదు గదా! న్యాయశాస్త్రము చదివి బాపిరాజుగారు కొంతకాలము న్యాయవాదవృత్తి చేసిరి. ఆ వృత్తి ఆయనను నిలుపలేదు. తాను శిష్యరికము చేసిన జాతీయ కళాశాలకే ప్రధానాచార్యులైరి. 1936లో వెలువడిన అనసూయ, ధ్రువవిజయము మొదలగు చలనచిత్రములకు కళాదర్శకత్వము వహించిరి. 1940వ దశకమున హైదరాబాదులో ఉర్దూ, ఇంగ్లీషు, తెలుగు భాషలలో వెలువడిన మీజాన్ పత్రికకు తెలుగున సంపాదకులైరి. గుంటూరులో నివసించుచు యువకులకు చిత్రకళ నేర్పిరి. సింహళములోని సిగిరియా కుడ్యచిత్రములకు ప్రతికృతులు వ్రాసిరి.

ఇన్ని పనులలో తలదూర్చుటచే ఆయన ప్రతిభ చెదరిపోయినదా యను ప్రశ్న సహజము. దీనికి ఆయన నవలలే సమాధానము. 1934లో ఆంధ్రవిశ్వకళాపరిషత్తు జరపిన నవలలపోటీలో ఆయన ‘నారాయణరావు’, విశ్వనాథ సత్యనారాయణగారి ‘వేయిపడగలు’తో కూడ బహుమతి పంచుకొనెను. శాతవాహనుల కాలపు కథయైన ‘హిమబిందు’లో నాయకుడు సువర్ణశ్రీ శిల్పి. కాకతీయ రుద్రమదేవి కాలమును చిత్రించిన ‘గోన గన్నారెడ్డి’లో కోటలు, సేనలు, వస్త్రాభరణములు, ఉత్సవములు కన్నులకు కట్టును. వర్ణనల నిడివిచే కథ అక్కడక్కడ మందగించుట నిజమే. కాని ఆ వర్ణనలు చేసినది చిత్రకారుని కన్ను. రంగును, రేఖను, వెలుగునీడలను ఎరిగినవాడు గనుకనే రెండువేల యేండ్లనాటి ధాన్యకటకమును పాఠకుని యెదుట నిలుపగలిగెను. కుంచె నేర్పిన చూపు కలమునకు బలమైనది. కలము సేకరించిన చరిత్ర కుంచెకు వస్తువైనది. శశికళను ఆరాధించిన ఆయన గీతములు సయితము వర్ణచిత్రములవలె ఉండును. ఆయన ప్రతిభ చెదరినది కాదు. ఒక్క ఊటనుండి వెడలిన పలు పాయలు.

స్నేహశీలియగుటచే మిత్రులెల్లరు ఆయనను ప్రేమతో బాపిబావ యని పిలిచెడివారు. 1952 సెప్టెంబరు 22వ తేదీన, ఏబదియేడేండ్లు నిండకముందే మద్రాసులో ఆయన కన్నుమూసిరి.

నవల ముద్రణాయంత్రముచే వేలప్రతులై ఊరూర తిరుగును. రైలెక్కి పొట్టకూటికై వచ్చినవాని పెట్టెలోను ఒదిగియుండును. చిత్రమునకు ఆ భాగ్యము లేదు. అది ఒక్కటే ప్రతి. ఉన్నచోటనే ఉండి చూచువారికై ఎదురుచూచును. అందుచేతనే బాపిరాజుగారిలో సగము మాత్రమే తెలుగువారికి దక్కినది. స్వస్థలమునకు దూరముగ ఉద్యోగములు చేసికొనుచున్న కుటుంబములలో పిల్లలచేత ‘హిమబిందు’, ‘గోన గన్నారెడ్డి’ చదివించుట యెంత అవసరమో, ఆ రచయిత చిత్రములను వెదకి చూపించుటయు అంత అవసరము. అప్పుడు ఆ మిగిలిన సగమును వారికి దక్కును. పగలంతయు ఉద్యోగము చేసి, సాయంకాలము రంగులపెట్టె తెరచువారికి ఆ జీవితమే ధైర్యము చెప్పును.