తాళముల శిల్పి - జోసెఫ్ బ్రామా

అద్దె యింట కాపురముండు వారికి తలుపు తాళముపై ఎంత నమ్మకమో అంత అనుమానము. తమకు ముందు ఆ యింట నున్నవారి యొద్ద మారు తాళపుచెవి మిగిలియుండవచ్చును. గడియ సరిగా పడకపోవచ్చును. పొరుగింటి చెవి తమ తాళమునకు కూడ పట్టవచ్చును. పేదవాడు దాచుకొన్న నాలుగు రూపాయలకు, పాత్రసామగ్రికి కావలి కాయునది ఆ చిన్న యినుప పరికరమే కదా! దానిని నమ్మదగిన వస్తువుగా తీర్చిదిద్దిన వారిలో అగ్రగణ్యుడు జోసెఫ్ బ్రామా.

బ్రామా 1748వ సంవత్సరమున ఇంగ్లండు దేశమునందలి యార్కుషైరులో, బార్న్‌స్లీ పట్టణమునకు సమీపమున నున్న స్టెయిన్‌బరోలో ఒక రైతు యింట జన్మించెను. అతడును రైతు కావలసినవాడే. కాని పదునారేండ్ల ప్రాయమున కాలికి దెబ్బ తగిలి కుంటివాడయ్యెను. పొలము పని సాగదని తేలినంతట ఊరి వడ్రంగి యొద్ద చేరి పని నేర్చెను. కాలు కుంటుపడినను చేయి కుంటుపడలేదు. పిదప లండను నగరమునకు పోయి కొయ్యసామానులు చేయుచు జీవించెను. ధనికుల యిండ్లలో నీటి మరుగుదొడ్లను అమర్చు పని తటస్థించినపుడు వాని లోపములను కనిపెట్టి సవరించి, 1778లో ఆ సవరణకు పేటెంటు పొందెను. ఏ వస్తువును చూచినను దాని లోపమెక్కడనో వెదకుట అతని స్వభావము.

ఆ దృష్టి తాళములపై పడెను. నాటి తాళములలో పెక్కింటికి లోపల కొన్ని అడ్డుకట్లు మాత్రమే యుండెడివి. వానికి తగిన గాట్లున్న చెవి లోపల తిరుగును, తక్కినవి తిరుగవు. అయితే చెవిని బాగుగ అరగదీసి కొనను మాత్రము మిగిల్చినచో, అది అడ్డుకట్లను తప్పించుకొని గడియను తోయును. అట్టి దొంగచెవి ఒక్కటి యున్నచో అనేక గృహముల తలుపులు తెరచుకొనును. 1778లో రాబర్టు బారన్ అను నతడు ఇంతకంటె మేలైన తాళమును చేసెను గాని, బ్రామాకు అదియు తృప్తి నీయలేదు. అతడు తాళముల లోపములను వివరించుచు ఒక పుస్తకమునే వ్రాసెను. ఇది దొంగలకు ఉపాయము నేర్పుటయని కొందరికి తోచవచ్చును. కాని దొంగకు ఆ ఉపాయము ముందే తెలియును, తెలియనివాడు గృహస్థుడే.

1784లో బ్రామా తన తాళమునకు పేటెంటు పొందెను. దాని చెవి చిన్న గొట్టము వంటిది. గొట్టము అంచున వేర్వేరు లోతులు గల గాట్లుండును. తాళములో స్ప్రింగుచే నిలుచు సన్నని పలకలుండును. చెవిని లోనికి నొక్కగా ఒక్కొక్క పలక తనకు నిర్ణయింపబడిన లోతునకు జరుగును. అన్ని పలకలును సరిగా నిలిచిననే తాళము తిరుగును. ఒక్కటి వెండ్రుకవాసి తప్పినను కదలదు.

ఇంతటి సూక్ష్మమైన పనిని చేతితో చేయుట కష్టము, వెలయు నెక్కువ. అందుకు బ్రామా 1789లో హెన్రీ మాడ్‌స్లే అను పదునెనిమిదేండ్ల యువకుని పనిలో చేర్చుకొనెను. ఆ యువకుడు తాళపు భాగములను తీరుగా చేయు యంత్రములను నిర్మించెను. కాని 1797లో అతడు జీతము పెంచుమని కోరగా బ్రామా నిరాకరించెను. మాడ్‌స్లే వెడలిపోయి సొంత కర్మాగారము స్థాపించి గొప్ప యంత్రనిర్మాతయై వెలసెను. తాళములలోని లోపములను కనిపెట్టిన బ్రామా, చేతిలోని రత్నమును నిలుపుకొనలేకపోయెను.

1790లో బ్రామా పికడిల్లీ వీథిలోని తన అంగడి కిటికీయందు పదునెనిమిది పలకలు గల తాళమొకటి ఉంచెను. దానిని చెవి లేకుండ తెరువగల పరికరమును చేసినవానికి 200 గినీలు బహుమానమని ప్రకటించెను. ఏండ్లు గడచినను ఎవరును ఆ తాళమును గెలువలేకపోయిరి.

ఇంతలో బ్రామా 1795లో నీటి ఒత్తిడిచే పనిచేయు మహాయంత్రమును కనుగొనెను. 1806లో బ్యాంకు నోట్లపై సంఖ్యలు ముద్రించు యంత్రమును నిర్మించెను. 1814 డిసెంబరు 9వ తేదీన లండనులో మరణించెను.

1851లో లండనులో మహాప్రదర్శనము జరిగెను. అమెరికానుండి వచ్చిన ఆల్‌ఫ్రెడ్ హాబ్స్ అను తాళముల నిపుణుడు ఆ పాత సవాలును స్వీకరించెను. మధ్యవర్తులు నియమింపబడిరి. హాబ్స్ తాళముపై కొంత బలము నిలిపియుంచి, ఏ పలక బిగిసినదో తడవి తెలిసికొనుచు, 16 దినములలో 51 గంటలకు పైగా శ్రమించి దానిని తెరచెను. 200 గినీలు అతనికి దక్కెను. ఆ తాళము నేటికిని లండనులోని సైన్సు మ్యూజియములో నున్నది.

దీనిచే బ్రామా కీర్తి తగ్గినదా? తగ్గలేదు. ఏబదియొక్క గంటలు తలుపునొద్ద కూర్చుండగల దొంగ ఎవడు? తాళముల లోపములను బహిరంగముగా పరీక్షించుటచేతనే తరువాతివారు మేలైన తాళములను చేయగలిగిరి.

విద్యార్థులారా! లోపమున్న తాళముకంటె, లోపము లేదని నమ్మిన తాళము ఎక్కువ ప్రమాదకరము. అద్దె యింట చేరునపుడు తాళమును పరీక్షింపవలెను. చెవులెన్ని యున్నవో, ఎవరి యొద్ద నున్నవో అడుగవలెను. లోపమున్నచో యజమానికి వెంటనే తెలిపి, అతని సమ్మతితో మార్పింపవలెను. లోపమును తెలుపుట నింద కాదు. దానిని కప్పిపుచ్చుటయే దోషము. బ్రామా జీవితమునుండి మనము గ్రహింపవలసిన పాఠమిదియే.