అశోకుడు – ఆగ్రహము, ఆత్మపరీక్ష

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల మన విద్యార్థులు అశోకుని పేరు ఎరుగుదురు. ఆయన శాసనములు తెలుగునేలపైనే, కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపై నేటికిని ఉన్నవని చాలమంది ఎరుగరు.

యౌవనమున ఆయన తొంబది తొమ్మిదిమంది సోదరులను చంపించెనని సింహళ గ్రంథములు చెప్పుచున్నవి. మేము దీనిని నమ్మజాలము. పట్టాభిషేకమైన 13 ఏండ్లకు వెలువడిన శాసనమొకటి ఆయన సోదరుల, సోదరీమణుల గృహములను పేర్కొనుచున్నది. కళింగయుద్ధము మాత్రము కట్టుకథ కాదు. సుమారు క్రీ.పూ. 260లో జరిగిన ఆ యుద్ధమున లక్షమంది హతులైరి. లక్షా యాభైవేలమంది చెరపట్టబడి తరలింపబడిరి. ఈ లెక్క శత్రువులు వ్రాసినది కాదు, పశ్చాత్తప్తుడై ఆయనయే చెక్కించినది. అయితే అదే శాసనమున అడవి జనులకు తన బలమును గుర్తుచేయుట మానలేదు.

నడివయస్సున ఆయన దౌర్జన్యమును మొలకలోనే గుర్తింపజూచెను. కళింగాధికారులకిచ్చిన ఆజ్ఞలో న్యాయము చెడుటకు అసూయ, కోపము, క్రౌర్యము, తొందరపాటు, సోమరితనము, అలసట కారణములని తెలిపెను. కోపముతోబాటు అలసటను లెక్కించుట మాకు అబ్బురముగా తోచును. అలసిన ఉపాధ్యాయుని చేతి బెత్తమును చూచినవారికి ఆ మాట వెంటనే బోధపడును. పరమత ప్రస్తావనలో నాలుకను అదుపులో ఉంచుకొనుమని వేరొక శాసనమున కోరెను.

పట్టాభిషేకమైన 26 ఏండ్ల నాటి స్తంభశాసనములు వృద్ధాప్యపు తలంపులు. మానవుడు తన మంచినే చూచుకొనును గాని చెడుగును చూడడని, క్రౌర్యము, కోపము, గర్వము, అసూయలను తనలోనే వెదకి తెలిసికొనవలెనని వానిలో బోధించెను. మరణదండనను రద్దు చేయలేదు. శిక్ష పడినవారికి మూడు దినముల గడువిచ్చెను. ఆ లోపల బంధువులు ప్రాణభిక్షకై అధికారులను వేడుకొనవచ్చును.