మన నూజివీడు ఘటోత్కచుడు

నూజివీడు పేరు చెప్పగానే ఎవరికైనా చిన్నరసాలు జ్ఞప్తికి వస్తాయి. సంగీతజ్ఞులకు వీణలు స్మరణకు వస్తాయి. మాకు మాత్రం ఈ రెండింటికంటె ముందుగా, పాఠశాల వసారాలో కట్టిన తెల్లని దుప్పటి మీద గద భుజాన వేసుకొని నడచివచ్చిన ఒక స్థూలకాయుని రూపం కన్నులకు కడుతుంది. ఆయన ఎస్. వి. రంగారావుగారు. వేషం ఘటోత్కచుడు. చిత్రం ‘మాయాబజార్’.

ఆ చిత్రం 1957 మార్చి 27న విడుదలైంది. మేము చూచినది చాలా సంవత్సరాల తరువాత, పాఠశాలకు తెచ్చిన 16 మి.మీ. ప్రొజెక్టరు మీద. మామిడికాయలు టెంక కట్టే రోజులవి. పరీక్షలు ముగిసినవి. ఉర్దూ తరగతుల పిల్లలనూ, తెలుగు తరగతుల పిల్లలనూ ఒకేచోట కూర్చుండబెట్టిన సందర్భాలు ఆ ఏడాది పొడుగునా ఎన్నో లేవు. ఆ రాత్రి మాత్రం ఒకే జంబుఖానా మీద మోకాళ్ళు తగులుకుంటూ కూర్చున్నాము. మూడు గంటల చిత్రం. రీలు మార్చినప్పుడల్లా దుప్పటి మీద వట్టి వెలుతురు పడేది. పిల్లలు లేచి ఆ వెలుతురులో తమ చేతుల నీడలు చూచుకొనేవారు.

సరిగ్గా పెండ్లివారి విందు ఘట్టంలో కరెంటు పోయింది. వంటశాలలోని భక్ష్యభోజ్యాల ముందు ఘటోత్కచుడు కూర్చున్నాడు, శరీరాన్ని పెంచాడు, లడ్డు చేతి ప్రమేయం లేకుండా నోటిలోనికి పోయింది, అంతలో చీకటి. ఆ చీకటిలో ఉర్దూ తరగతి పిల్లవాడొకడు లేచి నిలబడి, పొట్ట ముందుకు చాచి, కనబడని లడ్డూలను నోట వేసుకొనడం మొదలుపెట్టాడు. ఉపాధ్యాయుని చేతిలోని టార్చిలైటు వాని మీద పడింది. దెబ్బ పడుతుందనుకున్నాము. ఉపాధ్యాయుడు దీపం అలాగే పట్టుకొని నిలిచారు. తెలుగు సరిగా రాని ఆ బాలుడు, ఒక్క మాట అవసరం లేకుండా, మమ్మల్నందరినీ పావుగంటసేపు నవ్వించాడు. కరెంటు వచ్చిన తరువాత ఆ రీలును మొదటినుంచి మళ్ళీ వేశారు. అంతటి అదృష్టం ఆ తరువాత ఏ సినిమాహాలులోనూ మాకు లభించలేదు.

ఇంతకూ ఆనాడు మాకు ఎవరూ చెప్పని మాట ఒకటున్నది. ఆ దుప్పటి మీది మహానటుడు ఈ ఊరిలోనే, 1918 జూలై 3న జన్మించినవారు. మా ఉపాధ్యాయులకే తెలియదేమో. వారికి తెలిసి మాకు చెప్పియుంటే, ఆయన అప్పటికి మద్రాసులో జీవించియున్నారు గనుక, ఒక కార్డు ముక్క వ్రాసియుండేవారము. ఆ కార్డు ఆయనకు చేరునో లేదో వేరే విషయం. వ్రాయలేదన్న కొరత మాత్రం మమ్ము నేటికీ విడువలేదు. ఈ నాలుగు పుటలూ ఆ కార్డుకు బదులుగా వ్రాస్తున్నవే.

ఆయన పూర్తి పేరు సామర్ల వెంకట రంగారావు. తాతగారు నూజివీడులో పేరుపొందిన వైద్యులు. తండ్రి ఎక్సైజు శాఖలో ఉద్యోగి, ఊరూరా బదిలీలు. అందుచేత పెంపకం నాయనమ్మగారి వంతయింది. తాతగారు కాలం చేసిన తరువాత ఆమె మనుమని మద్రాసు తీసుకొనిపోయారు. హిందూ హైస్కూలులో చదువుతుండగా ఆ బాలుడు మొదటిసారిగా రంగస్థలం ఎక్కాడు. తరువాత కుటుంబం ఏలూరు చేరింది. అక్కడ ఎక్కడ నాటకం ఆడినా ఆయన హాజరు. బళ్ళారి రాఘవ, గోవిందరాజుల సుబ్బారావు వంటి మహానటులను చూచి, నటుడు కావాలన్న నిశ్చయం గట్టిపరచుకొన్నారు. ఇంటివారికి ఇది ఎంతమాత్రం నచ్చలేదు. బాగా చదువుకొని ఉద్యోగం చేయవలసిన కుర్రవాడు ముఖానికి రంగు వేసుకొనడమేమిటని వారి బాధ. ఆ బాధలోనూ న్యాయం లేకపోలేదు. ఆనాటి నటుల బ్రతుకులు ఎరిగినవారెవరైనా ఆ మాటే అనియుందురు.

విశాఖపట్టణం ఏ.వి.ఎన్. కళాశాలలో ఇంటర్మీడియట్, కాకినాడ పి.ఆర్. కళాశాలలో బి.ఎస్‌సి. పూర్తిచేశారు. కాకినాడలో యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బు అనే నాటక సమాజం ఆయనకు రెండవ కళాశాల. అంజలీదేవి, ఆదినారాయణరావు, రేలంగి వంటివారు అక్కడ సహచరులు. షేక్స్పియరు నాటకాలలో షైలాకు మొదలైన వేషాలు వేశారు. ఆంగ్లమైనా తెలుగైనా వాక్యాన్ని ఎక్కడ విరచాలో, ఎక్కడ మింగాలో ఆయన అభ్యసించినది ఈ నాటకాలలోనే అని మా అభిప్రాయం.

చదువు ముగియగానే అగ్నిమాపక శాఖలో ఉద్యోగం. బందరులోనూ, విజయనగరంలోనూ ఫైరాఫీసరుగా పనిచేశారు. వేషం వేయుటకు తీరికలేని ఉద్యోగం ఎందుకని దానిని వదలివేశారు. సమీప బంధువైన బి. వి. రామానందం తీసిన ‘వరూధిని’ చిత్రంలో ప్రవరాఖ్యుని పాత్ర లభించింది. నాయక పాత్ర! అయితే చిత్రం విజయవంతం కాలేదు. రెండవ అవకాశం రాలేదు. వదలిన ఉద్యోగం పోయె, వలచిన కళ ముఖం చాటేసె. చేసేదిలేక జంషెడ్‌పూరులోని టాటా కంపెనీలో బడ్జెట్ అసిస్టెంటుగా చేరి, వివాహం చేసుకొని, లెక్కలు వ్రాసుకుంటూ కూర్చున్నారు.

ఈ ఘట్టం వద్ద మేము కొంచెం ఆగదలచుకొన్నాము. మహనీయుల జీవితచరిత్రలు వ్రాసేవారు సాధారణంగా ఇటువంటి సంవత్సరాలను ఒక వాక్యంలో దాటవేస్తారు. కాని ముప్ఫై ఏండ్లు సమీపిస్తున్న ఒక పట్టభద్రుడు, ఇంటివారి మాట కాదని కళను నమ్మి, అందులో ఓడిపోయి, ఇనుప పట్టణంలో కాగితాల ముందు కూర్చొనడం చిన్న విషయం కాదు. ఇంటివారు చెప్పినదే నిజమైందని ఆయనకు ప్రతి జీతపు రోజునా తోచియుండవచ్చు.

మరల పిలుపు వచ్చినది ‘పల్లెటూరి పిల్ల’ చిత్రానికి. ప్రధానమైన ప్రతినాయక పాత్ర. బయలుదేరే సమయానికి తండ్రిగారు మరణించిన వార్త అందింది. కర్మకాండలు ముగించుకొని మద్రాసు చేరేసరికి ఆ వేషాన్ని మరొకరికి ఇచ్చివేశారు. మిగిలిన చిన్న వేషాన్ని స్వీకరించి, వెనుకకు పోక, మద్రాసులోనే ఉండిపోయారు. ఆ చిత్రం 1950లో వచ్చింది. అదే సంవత్సరం విజయావారి ‘షావుకారు’లో సున్నపు రంగడు అనే రౌడీ వేషం వేశారు. మరుసటి ఏడు, 1951లో, కె. వి. రెడ్డిగారి దర్శకత్వాన ‘పాతాళభైరవి’ విడుదలైంది. ఆంధ్రదేశంలోని పిల్లలందరూ కొన్నేండ్లపాటు నేపాళ మాంత్రికుని గొంతుతో మాటలాడుకున్నారు.

ఉర్దూ చదివే మా విద్యార్థులకు ఈ కథ కొత్తది కాదు. తానే తీయలేని నిధిని ధైర్యశాలియైన ఒక యువకునిచేత తీయించి, పని కాగానే వానిని కడతేర్చదలచిన మాంత్రికుడు అలావుద్దీన్ కథలో ఉన్నాడు. తిలిస్మ్-ఎ-హోష్‌రుబా వంటి దాస్తానులు విని పెరిగిన ఇండ్లలో మాంత్రికుడంటే మంచి పరిచయమే. అయినా ఆ వేషానికి రంగారావుగారు చేసిన ఉపకారం వేరు. పిల్లలు ఆయనను చూచి భయపడ్డారు. ఆయన కనబడనప్పుడు మళ్ళీ ఎప్పుడు వస్తాడా అని ఎదురుచూశారు. దుష్టుడు తెరమీద లేనప్పుడు ప్రేక్షకుడు వాని కోసం వెదకినట్లయితే నటుడు గెలిచినట్లే. అప్పటికి ఆయన వయస్సు ముప్ఫైరెండు.

1955లో రెండు పాత్రలు వచ్చాయి. రెండూ మా కళాశాలవారు ప్రత్యేకించి చూడదగినవి. ఒకటి బి. ఎన్. రెడ్డిగారి ‘బంగారు పాప’లో కోటయ్య. ఆంగ్ల రచయిత్రి జార్జి ఇలియట్ వ్రాసిన ‘సైలస్ మార్నర్’ నవల దీనికి ఆధారం. లోకం మీద కక్షతో రాయివలె బిగుసుకుపోయిన మనిషి, దిక్కులేని పసిపాపను చేతులలోనికి తీసుకొన్న క్షణం నుంచి కరగిపోవడం అందులోని కథ. అంత పెద్ద చేతులు అంత చిన్న శిశువును ఎత్తుకొనడం చూస్తే, జంషెడ్‌పూరులో వృథా అయినవనుకున్న సంవత్సరాలు వృథా కాలేదని మాకు తోస్తుంది. రెండవది ‘అనార్కలి’లో అక్బరు చక్రవర్తి. అంజలీదేవి అనార్కలి, అక్కినేని సలీము. ఆ పాత్రలో చక్రవర్తి ఒకడు, తండ్రి ఒకడు. ఒకడు ఆజ్ఞ ఇస్తూ ఉంటే రెండవవాడు ఆ ఆజ్ఞకు తానే కుమిలిపోతూ ఉంటాడు. కాకినాడ సమాజంలో తోటి నటిగా ఉన్న అంజలీదేవికి ఆయన తెరమీద శిక్ష విధించవలసివచ్చింది. అదే అంజలీదేవి పన్నెండేండ్ల తరువాత, 1967లో, ‘భక్త ప్రహ్లాద’లో ఆయన పట్టమహిషిగా నటించారు.

ఇక ‘మాయాబజార్’. శశిరేఖా పరిణయమనే ఈ కథ వ్యాసభారతంలో లేదు. జనుల నోట పుట్టి నాటకాలలో పెరిగింది. భారత సంబంధమైన చిత్రమైనా పాండవులు ఒక్కసారియైనా తెరమీద కనబడరు. వారి బిడ్డలు మాత్రం ఉన్నారు. మరొక విశేషం. దీనిని తీసినవారు బాలల చిత్రమని ప్రకటించలేదు. బాలల కొరకే తీసిన చిత్రాలలో నీతులు ఎక్కువ, లడ్డూలు తక్కువ. పిల్లలు తమ చిత్రాన్ని తామే ఎన్నుకొన్నారు.

ఎన్నుకొనడానికి కారణం ఘటోత్కచుడు. కథలలోని రాక్షసుడు చావడానికే పుడతాడు. ఈ రాక్షసుడు మాత్రం తల్లి మాట జవదాటనివాడు, అడవిలో తెలియక ఎదిరించినది తమ్మునినని గ్రహించగానే ఆయుధం దించి పినతల్లికి నమస్కరించేవాడు, ద్వారకలో ముసలివాని వేషంలో కూర్చున్న కృష్ణుని చేతిలో అల్లరిపాలై తెల్లబోయేవాడు. తన శిష్యులు నోటికి వచ్చిన క్రొత్త మాట కల్పిస్తే తప్పుపట్టక, ఎవరో ఒకరు పుట్టించనిదే మాటలు ఎలా పుడతాయన్న భావంతో వారిని మెచ్చుకొంటాడు. వ్యాకరణానికి భయపడి రెండు భాషలలోనూ నోరు మెదపని మా తరగతులవారికి ఆ రాక్షసుడు గొప్ప గురువు! శశిరేఖ రూపు ధరించిన తరువాత తెరమీద ఉన్నది సావిత్రి. కాని ఆ నడక, ఆ చూపు, ఆ మీసం లేని చోట మీసం దువ్వే చేయి అన్నీ రంగారావుగారివే. ఒక నటి అంత నిర్దుష్టంగా అనుకరించగలిగినదంటే ఆయన నడకకు తనదైన ఒక లిపి ఏర్పడినదన్నమాట. విందు పాటకు గొంతునిచ్చినవారు మాధవపెద్ది సత్యం, ఛాయాగ్రహణం మార్కస్ బార్ట్లే. వారి పనితనం లేనిదే లడ్డు కదలదు. అయితే కదలిన లడ్డును నమ్మించినది తినేవాని ముఖం.

తరువాతి సంవత్సరాలు కీర్తికి సంబంధించినవి, అందరికీ తెలిసినవే. ‘నర్తనశాల’ కీచకునికి 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుని బహుమతి లభించింది. అరవ చిత్రాలలోనూ తెలుగుతో సమానమైన ఆదరణ పొందారు. ‘చదరంగం’, ‘బాంధవ్యాలు’ అనే చిత్రాలకు స్వయంగా దర్శకత్వం వహించి నంది బహుమతులు అందుకొన్నారు. కథలు వ్రాసి పత్రికలలో ప్రకటించారు. విశ్వనటచక్రవర్తి అన్న బిరుదు పొందారు. అలవాట్ల విషయంలో ఆయన తన శరీరానికి న్యాయం చేయలేదన్న మాట సినీరంగమంతటా వినబడేదే. దానిని దాచడం వలన ఆయనకు గౌరవం పెరగదు. 1974 ఆరంభంలోనే ఒకసారి గుండెపోటు వచ్చింది. ఆ సంవత్సరం జూలై 18న మద్రాసులో కన్నుమూశారు. యాభైయారు నిండి పదిహేను రోజులైనది.

మరునాటి పత్రికలో జన్మస్థలం నూజివీడు అని చదివి, మేము ఆ పత్రికను చేతబట్టి, ఆనాడు చీకటిలో లడ్డూలు తిన్న మిత్రుని ఇంటికి పరుగెత్తాము. అతడు పళ్ళ మండీలో మామిడికాయల గంపలు లెక్కపెట్టుకొంటున్నాడు. వార్త చదివి వినిపించాము. ఆయన మన ఊరివారా అని రెండుసార్లు అడిగాడు. లెక్క తప్పి గంపలను మళ్ళీ మొదటినుంచి లెక్కించుకొన్నాడు.

నిజానికి ఆయనపై ఊరికి ఉన్న హక్కు ఎంత? జన్మనిచ్చింది. చదువు మద్రాసు, విశాఖలు చెప్పాయి. కళ ఏలూరు, కాకినాడలు నేర్పాయి. ఓటమిని జంషెడ్‌పూరు చూపింది. నూజివీడు ఇప్పుడు కృష్ణా జిల్లాలో కూడా లేదు. 2022 నుంచి ఏలూరు జిల్లాలో చేరింది. ఆ లెక్కన ఆయన పుట్టిన ఊరు, నాటకాలు చూచిన ఊరు ఒకే జిల్లాలోనివైనాయి. 2013లో భారత చలనచిత్ర శతవార్షిక సందర్భంగా తపాలాశాఖవారు విడుదల చేసిన బిళ్ళలలో ఆయన బిళ్ళ ఉన్నది. వ్రాయవలసిన కార్డు అప్పుడు మాకు మరల జ్ఞప్తికి వచ్చింది.

‘మాయాబజార్’కు రంగులద్ది 2010లో తిరిగి విడుదల చేశారు. మా ఇంటి పిల్లలకు దానిని చూపించాము. విందు ఘట్టం వచ్చినప్పుడు, ఎందుకోగాని, కరెంటు పోతుందేమోనని మేము దీపం వైపు చూచాము. పోలేదు. లడ్డు నోటిలోనికి పోగానే పిల్లలు మేము నవ్విన చోటనే నవ్వారు. ఆయన మన ఊరివారని చెబితే నమ్మక, ఎక్కడ పుట్టారో ఆ ఇల్లు చూపించమన్నారు. మేము చెప్పులు తొడుగుకొని వారితో వీధిలోనికి బయలుదేరాము.